వెనకాల నిలబడ్డ పెట్టె

1942 డిసెంబరు, చికాగో. గూడ్సు యార్డుని పైనుంచి తీసిన ఫొటో. కంటికి ఆనినంత మేరా పట్టాలు, పట్టాల మీద ఒకదాని వెనక ఒకటి గూడ్సు పెట్టెలు. తీసినవాడు జాక్ డెలానో. ఉక్రెయిన్లో పుట్టి చిన్నతనంలోనే అమెరికా చేరినవాడు. ప్రభుత్వ యుద్ధ సమాచార విభాగం పంపగా ఆ చలికాలం చికాగో యార్డుల్లో కెమెరా పట్టుకుని తిరిగాడు. 1943 మార్చిలో శాంటా ఫే రైల్వే గూడ్సు బళ్ళెక్కి కాలిఫోర్నియా దాకా వెళ్ళాడు. యుద్ధంలో దేశం ఎలా పనిచేస్తోందో చూపించడం ఆయన ఉద్యోగం. అందుకే ఆయన ఫొటోల్లో మనుషులే ఎక్కువ. అయోవా రాష్ట్రం క్లింటన్‌లో ఇంజన్లు తుడిచే ఆడవాళ్ళు తలగుడ్డలు విప్పకుండానే మధ్యాహ్నం భోజనానికి కూర్చున్న ఫొటో చాలామంది చూసే ఉంటారు. అదీ ఆయన తీసిందే.

ఇవాళ ఆ యార్డు ఫొటోని అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ నుంచి దించుకుని, కంప్యూటర్ తెర మీద అంగుళం అంగుళం పెద్దది చేసుకుని చూసే జనం కొందరున్నారు. వాళ్ళ ధ్యాసంతా పెట్టెల పైకప్పుల మీద. గూడ్సు పెట్టెని నేలమీద నిలబడి ఫొటో తీసినవాళ్ళే అందరూ. పైకప్పు ఎలా ఉండేదో, రేకులు అడ్డంగా అతికారో ఐమూలగా అతికారో, రంగు ఊడి కింద జింకు పూత ఎక్కడెక్కడ బయటపడిందో తెలియాలంటే ఎవరో ఒకరు ఎత్తు మీదికెక్కి తీసి ఉండాలి. డెలానో ఎక్కాడు. పైకప్పుల కోసం ఎక్కలేదు పాపం, కానీ ఎనభై ఏళ్ళ తర్వాత కొందరికి ఆయన మిగిల్చిపోయింది అదే.

పాత ఫొటోలో కనిపించే గూడ్సు పెట్టె ఏ కంపెనీది, ఏ రకానిది, ఏ ఏటిది అని పోల్చుకోవడం అమెరికాలో ఒక వ్యసనం. బొమ్మరైళ్ళు కట్టేవాళ్ళు మొదలుపెట్టారు. 1:87 కొలతలో, అరచేతిలో పట్టే పెట్టెని తయారుచేసేవాడికి 1947 అక్టోబరు నాటి దృశ్యంలో 1949లో పుట్టిన పెట్టె కనిపిస్తే పెళ్ళి భోజనంలో రాయి తగిలినట్టే. తర్వాత చరిత్రకారులు చేరారు. స్మిత్సోనియన్ సంస్థలో పనిచేసిన జాన్ వైట్ 1993లో అమెరికా గూడ్సు పెట్టెల మీద తెచ్చిన లావుపాటి పుస్తకం ఆ కాలక్షేపానికి పండిత గౌరవం తెచ్చిపెట్టింది.

ఈ పని తెలిసినవాళ్ళు చెప్పే మొదటి జాగ్రత్త: పెట్టె మీద పేరు చూసి ఊరు చెప్పకండి. అమెరికా రైల్వే మనలాగా ఒకే సర్కారు సంస్థ కాదు. చిన్నాపెద్దా వందల కంపెనీలు. గేజు మాత్రం ఒక్కటే, కప్లింగు ఒక్కటే. కాబట్టి ఒకరి పెట్టె ఇంకొకరి పట్టాల మీద నిశ్చింతగా తిరుగుతుంది, తిప్పుకున్నందుకు రోజుకింతని అద్దె. కాలిఫోర్నియా కమలాలు మోసుకెళ్ళిన పెట్టె తిరుగుదారిలో ఏ సరుకు దొరికితే ఆ సరుకుతో ఎటైనా పోతుంది. వెనకాల శాంటా ఫే పెట్టె ఉంది కదాని ఫొటోని కాన్సస్‌లో పెట్టేస్తే, అది ఏ మెయిన్ రాష్ట్రపు బంగాళాదుంపల గోదాము ముందో తీసిందై ఉంటుంది.

పేరు చెప్పేది ఊరు కాదు, యజమాని. ఏటీఎస్‌ఎఫ్ అంటే అచిసన్, టొపీకా అండ్ శాంటా ఫే. అక్షరాల చివర ఎక్స్ ఉంటే అది రైల్వే కంపెనీది కాదు, ప్రైవేటు ఆసామిది. యూటీఎల్‌ఎక్స్ అంటే యూనియన్ ట్యాంక్ కార్ కంపెనీ. ఆ అక్షరాల పక్కన నెంబరు. అక్షరాలూ నెంబరూ రెండూ కనబడితే సగం పని అయిపోయినట్టే. అప్పుడు తిరగెయ్యాల్సిన పుస్తకం అఫీషియల్ రైల్వే ఈక్విప్‌మెంట్ రిజిస్టర్. 1880లలో మొదలై, ఎప్పటికప్పుడు కొత్త సంచిక వస్తూ, ఏ కంపెనీకి ఏ నెంబరు నుంచి ఏ నెంబరు దాకా ఏ రకం పెట్టెలున్నాయో, లోపల పొడవెంత, ఎత్తెంత, ఎన్ని టన్నులు పడతాయో, ఎన్ని మిగిలాయో వరసగా అచ్చేసేవారు. సరుకు పంపేవాళ్ళ కోసం, యార్డు గుమాస్తాల కోసం అచ్చయిన పుస్తకం అది. కొత్తది రాగానే పాతది చిత్తుకాగితం. ఆ చిత్తుకాగితాల్లో 1953 జనవరిది బొమ్మరైళ్ళవాళ్ళ సంఘం తర్వాత మళ్ళీ అచ్చు వేసింది. పంచాంగంలాగా దగ్గర పెట్టుకుంటారు.

అసలు చిక్కు నెంబరు కనబడనప్పుడే. మబ్బుపట్టిన గాజుపలక ఫొటో, ముందు పెళ్ళివారో ఊరి బ్యాండు మేళమో, వాళ్ళ భుజాల మీంచి పెట్టె మూల ఒకటి. అక్షరం ముక్క లేదు. అక్కడ మొదలవుతుంది విద్య.

కొసరేకు ముడతలు

పెట్టెకి పక్కలు రెండు, కొసలు రెండు. పక్కల మీద పేర్లు రాస్తారు కాబట్టి చూపు అటే పోతుంది. తెలిసినవాడు కొస చూస్తాడు. బండి గుంజుకున్నప్పుడు లోపలి సరుకు వచ్చి గుద్దేది కొసనే. ఆ దెబ్బకి కొయ్యపలకలు ఆగేవి కావు. అందుకని 1910ల నుంచి కొసలకి ముడతలు పెట్టిన ఉక్కురేకులు బిగించడం మొదలైంది. మొదట్లో వచ్చినవాటికి మర్ఫీ కొసలని పేరు. మొదటి ప్రపంచయుద్ధంలో ప్రభుత్వం రైళ్ళన్నిటినీ తన చేతిలోకి తీసుకుని, అన్ని కంపెనీలకీ ఒకే నమూనా మీద లక్ష దాకా గూడ్సు పెట్టెలు కట్టించింది. వాటిలో మూతపెట్టెల కొసకి మూడు రేకులు, రేకుకి అయిదు ముడతలు. 1920లలో వచ్చిన చాలావాటికి రెండే రేకులు: పైదానికి ఏడు, కిందిదానికి ఎనిమిది. 1930లలో డ్రెడ్‌నాట్ కొస వచ్చింది. దాని ముడతలు లావు, మధ్యలో సన్నటి చారలు. 1937 నమూనా ఉక్కుపెట్టెకి, లోపల పది అడుగుల ఎత్తుదానికి, నాలుగు-అయిదు. ఎత్తు ఇంకో అర అడుగు పెరిగాక అయిదు-అయిదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ముడతల ఆకారమే మారిపోయింది: మధ్య లావు, రెండు చివర్లా సన్నం. వాళ్ళు దాన్ని రొట్టెల కర్రతో పోలుస్తారు. మనం అప్పడాల కర్ర అనుకోవచ్చు.

లెక్కపెట్టడమే కదా, ఇందులో విద్యేముంది అనిపిస్తుంది. ఒకసారి కూర్చుని చూడండి. నీడ ఒక ముడతని మింగేస్తుంది, నిచ్చెన ఇంకోదాన్ని కప్పేస్తుంది. ఎనిమిదా ఏడా తేలక ఇద్దరు పెద్దమనుషులు వారాల తరబడి వాదించుకునే సరుకే ఇది.

కొస తర్వాత కింద చూడాలి. పెట్టె అడుగున వేలాడే బ్రేకు సామాను పాత కే రకమైతే సిలిండరూ గాలితొట్టీ కలిసి ఒకే ముద్దగా కనబడతాయి. 1933 నుంచి వచ్చిన ఏబీ రకమైతే సిలిండరు, గాలితొట్టి, వాల్వు దేనికది మూడుచోట్ల. 1953 తర్వాత కే బ్రేకు పెట్టెని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీ తీసుకోవడం మానేసింది. ఇంకా కిందికి దిగితే చక్రాల బండి. అమెరికావాళ్ళు దాన్ని ట్రక్ అంటారు, మన రైల్వేవాళ్ళు బోగీ అంటారు. మనమేమో పెట్టెనే బోగీ అని పిలిచి వాళ్ళకి నవ్వు తెప్పిస్తాం. పాతరోజుల్లో ఆ బండిని వంచిన ఇనప పట్టీలని బోల్టులతో బిగించి చేసేవారు. బోల్టు వదులైతే బండి పట్టాల కింద. పోత ఉక్కువి వచ్చాక 1940 దశకం మొదట్లో ఆ పట్టీల బండ్లని ఇతరుల పట్టాల మీదికి రానివ్వకుండా ఆపేశారు.

అయితే పట్టీల బండి కనబడిందని 1940కి ముందు ఫొటో అని రాసెయ్యకూడదు. బయటి పట్టాలకి పనికిరాదన్న పెట్టెని కంపెనీ తన ఇంట్లోనే పెట్టుకునేది. పనిముట్లు పెట్టుకోవడానికి, గ్యాంగుమన్లు పడుకోవడానికి. ఇరవై ముప్ఫై ఏళ్ళు అలాగే ఉండేది.

నన్ను బాగా ఆకట్టుకున్నది కొయ్య సంగతి. కొయ్యపెట్టె పాతది, ఉక్కుపెట్టె కొత్తది అని ఎవరైనా అనుకుంటాం. పెన్సిల్వేనియా రైల్వే 1924 నుంచి ఎక్స్29 అనే మొత్తం ఉక్కుపెట్టెల్ని వేలల్లో కట్టింది. ముప్ఫై వేలకి కాస్త తక్కువ. ఇరవై ఏళ్ళు గడిచి 1943, 44 వచ్చేసరికి ఉక్కంతా ఓడలకీ ట్యాంకులకీ పోతోంది, మళ్ళీ కొయ్యపలకలు బిగించి పెట్టెలు కట్టాల్సి వచ్చింది. ఒకే ఫొటోలో పక్కపక్కన ఒక ఉక్కుపెట్టె, ఒక కొయ్యపెట్టె ఉంటే కొయ్యదే వయసులో చిన్నది కావచ్చు. అలాంటి పెట్టె బయట ఉక్కు ఆసరాలు ఐమూలగా ఉంటాయి. అవి తలుపు వైపు వాలాయా, కొస వైపు వాలాయా, ఎన్ని గళ్ళున్నాయి అన్నదాన్ని బట్టి కంపెనీ పేరు చెప్పేవాళ్ళున్నారు. నడక చూసి మనిషిని పోల్చినట్టు.

ఒక ఫొటో అనుకుందాం

పాతసామాను కొట్లో అట్టకి అంటించిన ఫొటో దొరికింది. చిన్న ఊరి స్టేషను, బల్ల మీద ఫ్రాకు తొడుక్కున్న పదేళ్ళ పిల్ల. వెనక పెన్సిలుతో రాసి ఉంది: అమ్మ, 1931. పిల్ల వెనకాల పక్కదారి పట్టా మీద పెట్టె ఒకటి, కొస మన వైపు.

ముందు కొస లెక్కపెడదాం. అయిదు, అయిదు. 1931 అప్పుడే ప్రశ్నార్థకం. అడుగున చూస్తే బ్రేకు సామాను మూడు ముక్కలు, అంటే ఏబీ. 1933కి ముందుది కానే కాదు. చేతిబ్రేకు చక్రం పాతకాలం పెట్టెలకి నిలువు కడ్డీ చివర, పైకప్పుకి మీదుగా, గొడుగు పరిచినట్టు ఉంటుంది. ఇక్కడ కొసకి ఆనుకుని గడియారంలా నిలబడి ఉంది. అదీ 1930లలో స్థిరపడ్డ పద్ధతే. పైకప్పు మీద నడిచే పలక ఉంది. 1966 నుంచి కొత్త పెట్టెలకి అది పెట్టడం మానేశారు, పాతవాటికి తీసెయ్యడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. కాబట్టి ఆ పలక వల్ల మనకి పెద్దగా లాభం లేదు.

ఇప్పుడు భూతద్దం పక్క మీదికి. తలుపుకి ఎడమవైపు యజమాని అక్షరాలు, నెంబరు, వాటి కింద మూడు వరసలు: ఎంత మోయగలదు, గరిష్ఠంగా ఎంత నింపవచ్చు, ఖాళీ బరువెంత. ఈ ఖాళీ బరువు దగ్గర ఆగాలి. పెట్టె వాడకంలో బరువు మారుతుంది. పలకలు తడిసి బరువెక్కుతాయి, మరమ్మతుల్లో ఏదో ఊడుతుంది, ఏదో చేరుతుంది. కొన్నేళ్ళకోసారి మళ్ళీ తూచి, తూచిన చోటి గుర్తూ, నెలా, ఏడూ బరువు పక్కన రాయాలని నియమం. చుట్టూ మసి, ఆ ఒక్క చోట కొత్త రంగు చదరం. అందులో 3-47 అని ఉందనుకోండి. 1947 మార్చికి ముందు ఈ ఫొటో తీసి ఉండే అవకాశమే లేదు. ఇరుసుపెట్టెలో నూనెపీచు మార్చిన తేదీ కూడా పెట్టె పక్కనే రాసేవారు, ఇరుసు వేడెక్కే హాట్ యాక్సిల్ భయం ఎక్కడైనా ఒకటే కదా. అది ఏడాదికి అటూ ఇటూగా మారేది కాబట్టి, చదవగలిగితే ఇంకా బిగుతైన సాక్ష్యం.

ఫొటో వయసు తేల్చేది అందులో అన్నిటికంటే కొత్త వస్తువు. పాతవి ఎన్నున్నా లెక్కలోకి రావు, ఎందుకంటే పాతవి ఎప్పుడైనా ఉంటాయి. మన ఫొటోలో అన్నిటికంటే కొత్తది ఆ తెల్లటి రంగు అంకె. ఫ్రాకు పిల్ల అమ్మ కాదు, అమ్మ కూతురై ఉంటుంది. పెన్సిలు పట్టినవాళ్ళు ముఖం పోలిక చూసి రాశారు.

ఇంకో చిట్కా. అక్షరాలేవీ కనబడకపోయినా ఫొటో తిరగేసి అచ్చయిందో లేదో చెప్పవచ్చు. 1911లో వచ్చిన భద్రతా నియమాల ప్రకారం పక్కన పైకప్పు దాకా వెళ్ళే నిచ్చెన, పెట్టెకి ఎదురుగా నిలబడినవాడికి కుడి కొసన ఉండాలి. ఎడమ కొసన కనబడిందంటే నెగటివుని వెనక్కి తిప్పి అచ్చు తీశారన్నమాట.

జాజు, పసుపు, అబద్ధం

రంగు దగ్గర మాత్రం పాత ఫొటో నమ్మదగ్గ సాక్షి కాదు. పాతకాలపు ఫిల్ముకి ఎరుపు ఆనదు. ఎర్రది నల్లగా, పసుపు ముదురుగా, నీలం తెల్లగా పడుతుంది. అన్ని రంగుల్నీ చూడగల ఫిల్ము బాగా వాడకంలోకి వచ్చింది 1920లు దాటాకే. అమెరికా పెట్టెల్లో ఎక్కువభాగం ఇనప మన్ను రంగు, మన గోడల అంచున పూసే జాజే. చవక, ఎండకి ఓర్చుకుంటుంది. అది ఫొటోలో నల్లబడిపోతే నల్లపెట్టె అని రాసి పెట్టినవాళ్ళు కోకొల్లలు. పళ్ళూ కూరగాయలూ మోసే ఐసుపెట్టెలు పసుపు, నారింజ రంగులవి. పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్ వారివైతే దూరం నుంచే తెలిసేవి, పైకప్పు నాలుగు మూలలా ఐసు పోసే మూతలు. పాత ఫిల్ములో అవీ బొగ్గుపెట్టెల్లో కలిసిపోతాయి.

డెలానో కొన్నిటిని కోడాక్రోమ్ ఫిల్ము మీద తీశాడు. దాని రంగు తేలిగ్గా మాసిపోదు. ప్రభుత్వ ఫొటోగ్రాఫర్లు ఆ కాలంలో తీసిన నలుపు తెలుపు ఫొటోలు లక్షన్నర పైచిలుకు ఉంటే, రంగువి 1,600 చిల్లర. వాటిలో ఒక గూడ్సు యార్డు ఉండటం అదృష్టమే.

రంగుల పండగ 1930ల మధ్యలో ముగిసింది. అప్పటిదాకా మాంసం, బీరు, వెన్న అమ్మే కంపెనీలు అద్దెకి తీసుకున్న ఐసుపెట్టెల మీద తమ సరుకు బొమ్మలు గోడపత్రికల్లా వేయించుకునేవి. ఒకరి ప్రకటన ఉన్న పెట్టెలో పోటీదారు సరుకు ఎక్కించడు కదా, పెట్టెలు ఖాళీగా తిరిగేవి. పైగా ఆ ప్రకటన దొడ్డిదారిన ఇచ్చే రాయితీ లాంటిదే అని 1934లో అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ తేల్చి, 1937 మొదలయ్యేసరికి అవి పోవాలంది. అలాంటి పెట్టె కనబడితే ఫొటో తేదీకి పైగట్టు దొరికినట్టే. మిగిలిన రైల్వే ముద్రల్ని కూడా కాలం తుడిచేస్తుందని ముందే పసిగట్టినవాడు వాకర్ ఎవాన్స్. 1957లో ఫార్చ్యూన్ పత్రిక కోసం గూడ్సు పెట్టెల మీది ముద్రల్నే రంగుల్లో తీశాడు.

1960ల తర్వాత ఫొటోలకైతే పని సులువు. 1967 నుంచి పెట్టె పక్కన రంగురంగుల చారల పలక ఒకటి అంటించారు, యంత్రం చదవడానికి. మసి పట్టి యంత్రానికి చదవడం రాక 1977లో ఆ పద్ధతే వదిలేశారు. మరుసటేడు చక్రాల తనిఖీ కోసం నల్ల చదరంలో పసుపు చుక్క వచ్చింది. ఈ రెండూ చూస్తే చాలు, పిల్లలు కూడా తేదీ చెప్పేస్తారు. అందుకే ఆ కాలం మీద పాతకాపులకి పెద్ద మోజు ఉండదు.

ఈమధ్య కొత్త బెడద ఒకటి వచ్చింది. మసక ఫొటోని ఫోనులో వేస్తే కృత్రిమ మేధ దాన్ని తేటగా చేసి, రంగులద్ది ఇస్తోంది. తాతగారి ముఖానికి అది ముచ్చటగానే ఉంటుంది. పెట్టె నెంబరుకి మాత్రం ప్రాణాంతకం. కనబడని అంకెని అది ఊహించి రాస్తుంది, ఏడు ముడతల్ని సమంగా ఎనిమిది చేస్తుంది. సాక్షి నోట మాట పెట్టినట్టే. తేట చేసిన ఫొటో గోడకి తగిలించుకోండి, అసలుది పారెయ్యకండి.

మన గేటు దగ్గర

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అనవచ్చు. మన గూడ్సు పెట్టె కూడా తన కథ ఒంటి మీదే రాసుకుని తిరుగుతుంది. పదకొండు అంకెల నెంబరులో మొదటి రెండూ రకం, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండూ కట్టిన ఏడు, మిగిలినవాటిలో నాలుగు వరస సంఖ్య, చివరిది నెంబరు సరిగా రాశారో లేదో చూసుకునే అంకె. పక్కనే ఏ వర్క్‌షాపులో పెద్ద మరమ్మతు అయిందో, మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీలు. విజయవాడ దగ్గర రాయనపాడు వర్క్‌షాపులో రంగేసుకుని వచ్చిన పెట్టె మీద ఆ తేదీ అరటాకంత వెడల్పున కనబడుతుంది.

పాత సంగతే కష్టం. నాలుగు చక్రాల మూతపెట్టెలు, వాక్యూమ్ బ్రేకువి, గేటు దగ్గర నిలబడి మనం ఒకటీ రెండూ అని లెక్కపెట్టినవి, ఇవాళ బళ్ళలో లేవు. గుంటూరు వైపు మీటర్ గేజు మీద తిరిగిన చిన్న పెట్టెలు గేజు మార్పిడితో 1990లలోనే పోయాయి. ఆవిరి ఇంజన్ల ఫొటోలు కావలసినన్ని ఉన్నాయి, దూరదేశాల నుంచి వచ్చి తీసుకుపోయినవాళ్ళు కూడా ఉన్నారు. వెనకాల పెట్టెల కోసం ఎవరూ రాలేదు. అవి ఉన్నాయంటే మన ఇళ్ళల్లోనే ఉన్నాయి: ట్రాన్స్‌ఫరు అయిన స్టేషను మాస్టరుగారికి వీడ్కోలు సభ, ప్లాట్‌ఫాం మీద కాలేజీ విహారయాత్ర, మిరపబస్తాల ముందు నిలబడ్డ కొట్టు యజమాని. వాళ్ళ భుజం వెనకాల చూడండి. పెట్టె కనబడితే ఫొటోని అంచులు కత్తిరించకుండా, అసలు సైజులో స్కాన్ చేయించి, ఊరూ ఏడూ మీకు తెలిసినంతవరకు పెన్సిలుతో వెనక రాసి పెట్టండి. ఈసారి గేటు పడితే ఇప్పటి పెట్టెకి కూడా మూడు ఫొటోలు తీయండి, గేటు ఇవతల నిలబడే: పక్కనుంచి ఒకటి, కొసనుంచి ఒకటి, అడుగు కనబడేలా ఒకటి.